మూడోసారి పడేదాకా

మా అమ్మ గొంతు మా ఇంట్లో ఉండదు. ఏ ఊళ్ళో ఉంటుందో కూడా మాకు చెప్పరు. ఎక్కడో చల్లటి గదిలో, నిరంతర్ కంపెనీ వాళ్ళ యంత్రాల్లో ఉంటుంది. నెలనెలా అద్దె కడితే వచ్చి, అమ్మ మెడకున్న పట్టీలోంచి మాట్లాడి పోతుంది. సొంత గొంతుకి ఎవరైనా అద్దె కడతారా అని మాత్రం నన్నడక్కండి. నాకసలే కోపం ఎక్కువ.

అమ్మ పేరు చోడిపల్లి నూకరత్నం. విశాఖపట్నం చేపలరేవులో పాట పాడుతుంది. పాటంటే వేలంపాట. పడవ ఒడ్డుకి రాగానే తట్టల్లో చేప పోయించి, కొనేవాళ్ళని చుట్టూ నిలబెట్టి, ధర పెంచుకుంటూ పోయి, ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని కొట్టేయడం ఆవిడ పని. ఆవిడ మూడోసారి అంటే ఐసు ఫ్యాక్టరీ దాకా వినపడేదని రేవులో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ పాటకి ఒకటే కట్టుబాటు. మూడోసారి అన్న మాట పాట పాడే మనిషి నోటినుంచే రావాలి. అది వచ్చేదాకా చేప ఎవరూ ఎత్తకూడదు, వచ్చాక ఎవరూ మాట తిప్పకూడదు.

నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం మా వైపు ఆడవాళ్ళకి పాత అలవాటు. అమ్మకీ ఉండేది. దాంతో వచ్చిన క్యాన్సర్ గొంతులోకి పాకితే, ప్రాణం దక్కించడానికి డాక్టర్లు స్వరపేటిక తీసేశారు. ఊరంతటికీ వినపడే మనిషి పక్క గదిలో ఉన్న నన్ను పిలవాలంటే గిన్నె మీద గరిటెతో కొట్టేది.

నేను పనిచేసే పరిశోధనశాలలోనే గొంతుపట్టీ తయారైంది. స్వరపేటిక పోయినా, మాట అనబోయినప్పుడు మెడ కండరాలు కాస్త కదులుతాయి. పట్టీ ఆ కదలికను పట్టుకుని టవర్‌కి పంపుతుంది. అక్కడినుంచి అది కంపెనీ యంత్రాలకి చేరి, మాటగా మారి, రెప్పపాటులో వెనక్కి వస్తుంది. రేవులో జనం ఫోన్లలో తీసుకున్న పాత వేలంపాటల వీడియోలు పోగుచేసి, వాటిలోంచి అమ్మ గొంతును మళ్ళీ అచ్చంగా తయారుచేశాం. పట్టీ కట్టుకున్న రోజు ఆవిడ నావైపు చూసి అన్న మొదటి మాట, "ఏటే మాలచ్చీ, తల దువ్వుకోనేదేటి?" నా పేరు కనకమహాలక్ష్మి. ఆ తిట్టు వినేసరికి నేను అక్కడే కూలబడి ఏడ్చాను.

ఆ పట్టీ హక్కులు మా పరిశోధనశాల దగ్గర కొనుక్కున్న నిరంతర్ కంపెనీ దానికి పెట్టిన ప్లాన్ పేరు 'అనంతవాక్కు'. ఎంతైనా మాట్లాడుకోవచ్చు, పరిమితి లేదు అన్నారు. పేరు గొప్ప ఊరు దిబ్బ అని మాకు తెలియడానికి కొంతకాలం పట్టింది.

వేసవి వేట నిషేధానికి ముందు ఆఖరి వారం. తట్టలో మంచి వంజరం. అప్పలకొండ అనే వ్యాపారి ఆఖరి ధర చెప్పాడు. అమ్మ రెండోసారి అంది. తర్వాత ఆవిడ పెదవులు కదిలాయి, మాట మాత్రం రాలేదు. పాట ఇంకా నడుస్తోందనుకుని హోటల్ తాలూకు మనిషి ఒకడు పై ధర అరిచాడు. అప్పుడు వచ్చింది పట్టీలోంచి, "మూడోసారి" అని. పెదవులు చూసినవాళ్ళకి చేప అప్పలకొండది. చెవులతో విన్నవాళ్ళకి హోటల్‌వాడిది. ఇద్దరూ చెరోవైపు తట్ట పట్టుకు లాగితే వంజరాలు జెట్టీ మీద దొర్లిపోయాయి. ఎన్నో ఏళ్ళుగా అమ్మ పాటలో తగాదా ఎరగరు. అమ్మ ఒంగి ఆ చేపల్ని ఒక్కొక్కటే ఏరుతుంటే చూడలేకపోయాను.

రేవు పెద్ద ఎల్లాజీ వచ్చి అమ్మ పక్కన నిలబడ్డాడు.

"వొదినా, నీ మాట మీద నాకు అనుమానం నేదు. గానీ మాట ఎప్పుడు పడ్డాదో ఎవలికీ తెల్నేదు. ఇలాగైతే పాట సాగదు. నిషేదం అయ్యేలోపు బాగు సేయించుకో. నేదంటే మొదటి వేట దినాన ఇంకొకర్ని నిలబెట్టాల. ఏటనుకోకు."

అమ్మ ఏదో అంది. అది బయటికి వచ్చేసరికి ఎల్లాజీ గేటు దాటిపోయాడు. "అలాగే ఎల్లాజీ" అని ఆవిడ గొంతు ఖాళీ తట్టలకి చెప్పింది. నా ఫోన్‌కి అప్పుడే సందేశం వచ్చింది. మీ అపరిమిత ప్లాన్ కొనసాగుతోంది, సగటు కంటే ఎక్కువ వాడినందువల్ల నెలాఖరు దాకా వేగం మాత్రం తగ్గించాం అని రాశారు. వేలం పాడే మనిషికి సగటేమిటి? పూజారిని పట్టుకుని మంత్రాలు సగటు కంటే ఎక్కువ చదువుతున్నావన్నట్టుంది.

అమ్మను తీసుకుని నేరుగా మా పరిశోధనశాలకి వెళ్ళాను. పట్టీని మొదట తయారుచేసిన చిత్తరంజన్ గారే మా విభాగానికి పెద్ద. ఆయన పట్టీని తెర ముందు పెట్టి పరీక్షించారు.

"పట్టీలో ఏ లోపమూ లేదమ్మా. మాట ఇక్కడినుంచి చటుక్కున వెళుతోంది. వెనక్కి వచ్చేటప్పుడే నిలబెట్టి పంపుతున్నారు."

అమ్మకి దాహం వేసి మంచినీళ్ళు తాగింది. ఒక్కో గుటకకీ తెర మీద గీత లేచింది.

"సర్, ఇదీ లెక్కలోకే పోతోందా?" అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "గొంతు కదిలితే లెక్కే. దగ్గు, గుటక, ఏడుపు, నిద్రలో కలవరింత, అన్నీ."

"పెద్ద ప్లాన్ తీసుకుంటే?"

"బిజినెస్ వాక్కు అని ఒకటుంది. అదీ అపరిమితమే. దానికీ ఈ షరతే ఉంది."

ఆ తర్వాత ఆయన చెప్పిన సంగతి వింటే నా ఒళ్ళు మండిపోయింది. ఆయన తయారుచేసిన మొట్టమొదటి పట్టీకి అసలు టవరే అక్కర్లేదట. గొంతు మొత్తం పట్టీలోనే ఇమిడేదట. ఒకసారి అమ్మితే అయిపోయే వస్తువు మాకెందుకని కంపెనీవాళ్ళు గొంతును పట్టీలోంచి తీసి తమ యంత్రాల్లోకి తీసుకుపోయారట. అంటే ఈ ఆలస్యానికి ఏ శాస్త్రమూ కారణం కాదు. పక్కనే ఉన్న బావిని పూడ్చి, కుళాయి బిగించి, ఆ కుళాయిని సగం కట్టేసి, నీళ్ళు వస్తున్నాయి కదా అంటున్నారు.

"ఏడుపుక్కూడా లెక్కేనా బాబూ?" అని అమ్మ గొంతు అడిగింది. మేం ఆ మాట దాటిపోయి చాలాసేపయింది. చిత్తరంజన్ గారు తల దించుకున్నారు.

ఫిర్యాదు పెట్టాను. ఇలాంటి వైద్యసేవల తగాదాలు తేల్చడానికి ఒక విచారణ మండలి ఉంది. తేదీ ఆ నెలాఖరులోపే పడింది. మాట ఇంకా నెమ్మదిగానే ఉంది, చెవులారా వింటారు, మంచిదే అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

కంపెనీ తరఫున భార్గవ్ అనే అతను వచ్చాడు. మనిషి మర్యాదస్తుడు. అమ్మకి లేచి నమస్కారం పెట్టాడు, కుర్చీ కూడా లాగాడు. మండలి సభ్యుడి ముందు ఇంకా చూడాల్సిన ఫైళ్ళు గుట్టగా ఉన్నాయి.

"మీ పేరు చోడిపల్లి నూకరత్నమేనా?" అన్నాడు సభ్యుడు.

అమ్మ పెదవులు కదిలాయి. మాట రాలేదు. తల ఊపింది కదా అని ఆయన ముందుకు పోయాడు.

"ఈ ప్లాన్ షరతులు మీకు చదివి వినిపించారా?"

"ఔను బాబూ," అంది అమ్మ గొంతు. పేరు అడిగిన దానికి చెప్పిన జవాబు అది. ఆయన ఇప్పటి ప్రశ్న కింద రాసుకున్నాడు. అమ్మ కంగారుగా తల అడ్డంగా ఆడించింది. ఆయన తల ఎత్తలేదు.

"కంపెనీ మీ మాట ఎప్పుడైనా ఆపేసిందా?"

"నేదు బాబూ."

భార్గవ్ అందుకున్నాడు. "అయితే మేం ఇచ్చిన మాట నిలబెట్టుకున్నట్టే కదమ్మా?"

"ఔను, ఔను," అంది గొంతు. ఆపేసిందా అన్నందుకు అమ్మ ఆత్రంగా ఇచ్చిన జవాబది.

నేను లేచి నిలబడ్డాను. "సర్, జవాబు ఒక ప్రశ్న వెనకబడి నడుస్తోంది. ఆ పెదవులు చూడండి. మేం వచ్చింది దీని గురించే."

"అమ్మాయ్, మధ్యలో మాట్లాడకూడదు. సాక్షి నోటితో సాక్షే చెబుతున్నారు. ఇంకేమైనా చెప్పుకునేది ఉందా అమ్మా?"

"నేదు బాబూ, నేదు," అంది గొంతు. కంపెనీ మాట నిలబెట్టుకోలేదని అమ్మ మొత్తుకున్న మొత్తుకోలు అది. సభ్యుడు ఫైలు మూసేసి, ఫిర్యాదుదారే ఒప్పుకున్నారు కాబట్టి ఫిర్యాదు కొట్టేశాం అన్నాడు. పాట పాడే మనిషిని ఆవిడ మాటతోనే కొట్టేశారు. ఇంకా చెప్పాల్సింది చాలా ఉందని అమ్మ అన్న మాటలు మేం మెట్లు దిగుతుంటే పట్టీలోంచి ఒక్కొక్కటే వచ్చాయి. మెట్ల మీద పోయేవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు.

భార్గవ్ కారు ఎక్కుతూ ఆగాడు. "మేం ఎవరి మాటా ఆపలేదండీ. కొంచెం నెమ్మదించాం, అంతే. అందరికీ న్యాయంగా అందాలి కదా."

"మీ ఇంటికి నిప్పంటుకుంటే ఫైరింజన్ నెమ్మదిగా రావాలని కోరుకుంటాను," అన్నాను. అమ్మ నా చెయ్యి పట్టి లాగింది. తిట్టడం తన హక్కు, నాది కాదని ఆవిడ అభిప్రాయం.

మర్నాడు చిత్తరంజన్ గారు మా ఇంటికి వచ్చారు. సంచిలోంచి పాత పట్టీ తీశారు. మందంగా, ఎద్దు మెడలో పట్టెడలా ఉంది. టవర్ అక్కర్లేనిది. అమ్మ కట్టుకుని, వల అల్లుకుంటున్న నాన్న వైపు తిరిగింది.

"ఏటయ్యా, ఆ వల ఇయ్యాలకి అవుద్దా?" అంది. ఆలస్యం లేదు. కానీ ఆ గొంతు చిత్తరంజన్ గారిది. పరీక్షల కోసం అప్పట్లో ఆయన గొంతే అందులో పెట్టారు. కాలేజీలో పాఠం చెప్పే గొంతుతో పెళ్ళాం పలకరించేసరికి నాన్న చేతిలో వల కండె జారిపోయింది. అమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు కూడా ప్రొఫెసర్ నవ్వే అయింది.

"ఇందులో అమ్మ గొంతు పెట్టలేరా సర్?"

"పెట్టగలను. సాయంత్రానికి అయిపోయే పని. కానీ ఆవిడ గొంతు నమూనా కంపెనీ ఆస్తి. ఆ వీడియోల హక్కులు కూడా మన చేత రాయించుకున్నారు. ముట్టుకుంటే దొంగతనం కేసు పెడతారు. పరిశోధనశాల మూయిస్తారు."

మా అమ్మ గొంతు మా అమ్మకి ఇస్తే దొంగతనమట. ఆ గొంతు ఆవిడ దగ్గరనుంచి తీసుకుని ఆవిడకే అద్దెకిస్తే వ్యాపారమట. ఇంతకంటే చెప్పడానికి నా దగ్గర ముద్రించదగిన మాటలు లేవు.

అమ్మ పాత పట్టీ విప్పి జాగ్రత్తగా ఆయన చేతిలో పెట్టింది. తన పట్టీ కట్టుకుని ఏదో చెప్పింది. ఆయన టీ తాగడం అయ్యాక వచ్చింది ఆ మాట.

"ఏటనుకోకండి బాబూ. మీ గొంతు మంచిదే. గానీ రేవులో నాను పుట్టినప్పుడు మాయమ్మ ఇన్నది ఈ గొంతు. ఇది నేకండా పాడితే అది నా పాటవదు."

నెల మారింది. వేగం తిరిగి వచ్చింది. ఆ రోజునుంచి అమ్మ మాట్లాడటం మానేసింది.

మొదట నాకు అర్థం కాలేదు. తలతో చెప్పేది, కళ్ళతో చెప్పేది. పిల్లిని చప్పట్లు కొట్టి తోలేది. కూర ఎలా ఉందని అడగడానికి కనుబొమ్మలు ఎగరేసేది. నాన్నకి బెంగ పట్టుకుంది. "మీయమ్మ నన్ను తిట్టి ఎన్నాళ్ళయిందే మాలచ్చీ. ఒంట్లో బాగోనేదేటి?" అన్నాడు. అడిగితే అమ్మ ఒకే ఒక్క ముక్క అంది. "దాసుకుంతన్నాను."

ఉప్పుచేప దాచుకున్నట్టు మా అమ్మ మాటలు దాచుకుంది. మొదటి వేట రోజుకి గొంతు నిండుగా ఉండాలని. వర్షాకాలానికి బియ్యం, పండక్కి చీర, ఏదైనా ముందే దాచి పెట్టుకునే ఇల్లు మాది. దాచుకున్నది ఎక్కడికీ పోదని మా వాళ్ళ నమ్మకం.

మధ్యలో మా పెద్దమ్మ పోయింది. అమ్మకి సొంత అక్క. మా వాళ్ళలో శవం దగ్గర కూచున్న ఆడవాళ్ళు పోయిన మనిషి మంచీ చెడూ రాగం తీసి చెప్పుకుంటూ ఏడుస్తారు. అమ్మ శోకం పెడితే వీధంతా ఆగి వినేది. ఆ రోజు మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని, మెడ కదలకుండా రెండు చేతులతో పట్టుకుని కూచుంది. రాయిరా ఈవిడ గుండె అని ఎవరో గొణిగారు. పట్టీ తీసి ఏడవమని చెవిలో చెప్పాను. తీస్తే శబ్దం లేని ఏడుపు అవుతుంది కదా అన్నట్టు నావైపు చూసింది. గొంతు లేకుండా అక్కను సాగనంపడం ఆవిడకి ఇష్టం లేదు, గొంతు ఖర్చుపెట్టే ధైర్యమూ లేదు. చివరికి ఏడవకుండానే పంపింది. కంపెనీ మీద ఉన్న కోపాలన్నిటిలో నాకు ఇదే పెద్దది.

నిషేధం ముగిసింది. మొదటి పడవలు తిరిగొచ్చిన ఉదయం రేవు కిటకిటలాడింది. ఎల్లాజీ ముందుజాగ్రత్తగా తన బావమరిదిని కొత్త చొక్కా వేయించి తెచ్చాడు. అమ్మ పసుపు రాసుకుని, పెద్ద బొట్టు పెట్టుకుని మొదటి తట్ట ముందు నిలబడింది. ఇన్నాళ్ళూ దాచుకున్నదంతా ఒక్కసారిగా బయటికి తీసింది. చందువ చేపలు పాడింది. కనగర్తలు పాడింది. గొంతు ఖంగుమంది, మూడోసారి అన్న మాట పెదవుల మీదే పడింది. ఐసు ఫ్యాక్టరీ గుమ్మంలో కూలీలు బయటికొచ్చి చూశారు. ఎల్లాజీ బావమరిది మెల్లగా వెళ్ళి టీ తాగుతున్నాడు. నాన్న నా పక్కన నిలబడి కళ్ళు తుడుచుకోవడం కూడా మర్చిపోయాడు.

అప్పుడు నా ఫోన్ మోగింది.

'ప్రియమైన వినియోగదారూ, గత నెల మీ వాడకం బాగా తగ్గినట్టు గమనించాం. మీకు అనువుగా మీ సగటును సవరించాం. ఈ నెల మీ వాడకం ఆ సగటును దాటింది. మీ అపరిమిత ప్లాన్ ఎప్పటిలాగే కొనసాగుతుంది.'

రెండుసార్లు చదివాను. ఆవిడ నోరు కట్టుకుంటే, ఈవిడకి మాటలు అక్కర్లేదని లెక్క కట్టారు. అక్క కోసం ఏడవని ఆ ఏడుపును కూడా కోసేసుకున్నారు. తల ఎత్తేసరికి అమ్మ ముందు వంజరం తట్ట ఉంది. ఆఖరి ధర అప్పలకొండదే. అమ్మ పెదవులు ఒకసారి కదిలాయి. మాట రాలేదు. ఆవిడకి తెలిసిపోయింది. మొహం ఎలా అయిపోయిందో నేను చెప్పలేను.

ఒక్క క్షణం అలా నిలబడి, అమ్మ ఒంగి, కుడి అరచేతిని తట్టలోని పెద్ద వంజరం మీద పెట్టింది. పెట్టి, మరో రెండుసార్లు పెదవులు కదిపింది. చెయ్యి తియ్యలేదు.

హోటల్‌వాడు పై ధర అనబోయాడు. ఎల్లాజీ చెయ్యెత్తాడు.

"సెయ్యి సేప మీద పడ్డాది. పాట అయిపోనాది. సేప అప్పలకొండది."

అప్పలకొండ తట్ట ఎత్తబోయాడు. ఎల్లాజీ అతన్నీ ఆపాడు.

"నువ్వూ ఆగు. మూడోసారి ఇంకా పడనేదు. వొదిన గొంతు వొచ్చినదాకా ఎవలూ సేప ఎత్తొద్దు."

"ఐసు కరిగిపోతాది ఎల్లాజీ," అన్నారెవరో వెనకనుంచి.

"కరగనీ."

ఎండ ముదురుతోంది. వెనక ఇంకా తట్టలు బారులు తీరి ఉన్నాయి. చేప పాడైతే నష్టం ఎవరిదో అక్కడున్న ప్రతివాళ్ళకీ తెలుసు. అయినా ఒక్కరూ కదల్లేదు. హోటల్‌వాడు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. నాన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అమ్మ చేప మీద చెయ్యి పెట్టుకుని ఎవరి మొహాల్లోకీ చూడకుండా నిలబడింది. కరిగిన ఐసునీళ్ళు తట్టల కిందనుంచి పారి నా చెప్పుల్లోకి వచ్చాయి.

"ఒకటోసారి," అంది పట్టీ. చాలాసేపటికి, "రెండోసారి." ఆ తర్వాత మళ్ళీ నిశ్శబ్దం. ఎవరూ దగ్గలేదు.

మా వాళ్ళు ఎంత మంచివాళ్ళో అని మీరు కళ్ళనీళ్ళు పెట్టుకుంటారేమో, వద్దు. నేను పెట్టుకోలేదు. దినదినం ఎండలో కరిగేదాన్ని అమ్ముకుని బతికేవాళ్ళు ఎందుకు ఆగాలి? కోట్ల యంత్రాలున్నవాడికి రెప్పపాటు పనయిన దాన్ని, కూలిజనం తమ ఐసు కరిగించుకుని ఎందుకు పూడ్చాలి? ఆ క్షణంలో భార్గవ్ కనుక దొరికితే, ఆ నీళ్ళలో చెప్పుల్లేకుండా నిలబెట్టి, ఇదిగో మీరు నెమ్మదించింది ఇదే అని చూపించేదాన్ని.

"మూడోసారి," అంది మా అమ్మ గొంతు.

అప్పుడు అప్పలకొండ తట్ట ఎత్తాడు. అమ్మ తర్వాతి తట్ట దగ్గరికి నడిచింది. నేను జెట్టీ గేటు దగ్గరికి వచ్చి చిత్తరంజన్ గారికి ఫోన్ చేశాను. "సర్, ఆ పాత పట్టీ తీసి ఉంచండి. సాయంత్రానికి అయిపోయే పని అన్నారు కదా. కేసు నా పేరు మీద పెట్టుకోమనండి," అన్నాను.

ఆయన ఆ పాత వేలంపాటల వీడియోలు ఇంకా రేవులో ఎవరి ఫోన్లలో ఉన్నాయో అడిగారు. వెనక్కి తిరిగి చూశాను. అమ్మ చేప మీద చెయ్యి పెట్టి నిలబడి ఉంది. చుట్టూ ఉన్నవాళ్ళందరూ ఆగి ఉన్నారు.

"అందరి దగ్గరా ఉన్నాయి సర్," అన్నాను.